మైలుకు 360 చుట్లు

1847 వసంతంలో అమెరికాలో, తమ మతనాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట మిస్సోరీ నది దగ్గర నుంచి పడమటికి సాగిన మార్మన్ల బండ్ల బృందంలో, రోజుకు ఎంత దూరం నడిచామన్న విషయంలో ఏకాభిప్రాయం ఉండేది కాదు. బృందంలో ఒకడైన విలియం క్లేటన్ లెక్కకూ మిగతావాళ్ల లెక్కకూ రెండు, ఒక్కోసారి నాలుగు మైళ్ల తేడా వచ్చేది. నువ్వే తగ్గించి చెబుతున్నావని అందరూ అతన్నే తప్పుపట్టేవారు. మే 8న క్లేటన్ బండి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాడు. దాని చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు. 360 చుట్లు తిరిగితే సరిగ్గా ఒక మైలు. ఆ రోజు 4,070 చుట్లు తిరిగింది. అంటే పదకొండుంబావు మైళ్లు, పైన 20 చుట్లు; మిగతావాళ్ల అంచనాకన్నా తక్కువే. అలసిన ఒళ్లు దూరాన్ని పెంచి చెబుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రోజంతా చుట్లు లెక్కపెట్టడం మనిషి చేయదగ్గ పని కాదు. గణితం బాగా తెలిసిన ఆర్సన్ ప్రాట్ ఒక యంత్రాన్ని ఊహించాడు, వడ్రంగం తెలిసిన ఆపిల్టన్ హార్మన్ దాన్ని చెక్కతో చేసిపెట్టాడు. చక్రం ఆరుసార్లు తిరిగితే ఇరుసు దగ్గర అమర్చిన కడ్డీ ఒక్కసారి తిరుగుతుంది. ఆ కడ్డీ మీది మర, 60 పళ్ల చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున జరుపుతుంది. ఆరు అరవైలు 360, కాబట్టి ఆ పళ్ల చక్రం ఒక చుట్టు పూర్తిచేస్తే ఒక మైలు. దానికి తగిలించిన మరో చక్రం పది మైళ్లకు ఒకసారి తిరుగుతుంది.

ఇందులో కొత్తేముందని అడగవచ్చు. నిజమే, ఇలాంటి పరికరాన్ని రోమన్ రచయిత విట్రూవియస్ ఎప్పుడో వర్ణించాడు. కానీ ఈ యంత్రం గొప్పతనం పళ్లలో లేదు, అది దేన్ని కొలిచిందన్న దాంట్లో ఉంది. ప్రాట్ నక్షత్రాలను చూసి అక్షాంశాలు కట్టగలడు. అయితే అలా తెలిసేది చోటు మాత్రమే. ఎద్దుకు కావలసింది వంపులతో, ఎగుడుదిగుళ్లతో సహా తాను నడవాల్సిన దూరం. మలుపులు తిరిగి దూరం పెరిగిందన్నది మామూలు కొలతలో దోషం, ఇక్కడ అదే గుణం. అసలైన దోషం వేరే ఉంది: నిటారు దిగుడులో చక్రాన్ని గొలుసుతో బంధించి బండిని ఈడ్చినప్పుడు లెక్క ఆగిపోతుంది. వెయ్యి మైళ్ల దారిలో అది కొద్ది భాగమే.

ఆ నేల పానీ, లకోటా, షొషోనీ ప్రజలకు ఏ యంత్రమూ లేకుండానే తెలుసన్నది మరింత బరువైన అభ్యంతరం. కాదనలేం. తరతరాలు అక్కడే బతికినవారికి దారి తెలుసు. తెలియనిది కొత్తగా వచ్చేవారికి. వారి రాకను సులువు చేసింది కాబట్టి, ఆ ప్రజలు నేల కోల్పోయిన చరిత్రలో ఈ చెక్క పెట్టెకూ వాటా ఉందనే నేను అనుకుంటాను.

సాల్ట్ లేక్ లోయ చేరాక, తిరుగు ప్రయాణంలో కొత్త పరికరం కట్టి క్లేటన్ దారిని మళ్లీ కొలిచాడు. 1848లో సెయింట్ లూయిస్‌లో అచ్చయిన అతని మార్గదర్శినిలో ఆ లోయ వరకు 1,031 మైళ్ల దారి ఉంది: ఏ వాగు ఎంత దూరంలో వస్తుందో, గడ్డి, కట్టెలు, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో.