నాలుగు ఇళ్ళు మిగిలాయి: దోహా పాతపేట కథ

(రేడియో ప్రసంగ పాఠం)



దోహా మెట్రోలో మూడు లైన్లూ కలిసే స్టేషను పేరు ముషైరబ్. మెట్లెక్కి పైకొస్తే తెల్లటి రాతి భవనాలు, వాటి నీడలో సన్నటి వీధులు, మధ్యలో చిన్న ట్రాము. మొన్నీమధ్య ఇండియా నుంచి వచ్చిన మా తమ్ముడు అంతా చూసి, "ఇక్కడేనా అన్నా నువ్వు మొదట్లో ఉన్నది?" అని అడిగాడు. "ఇక్కడేరా" అన్నాను గానీ, ఎక్కడో వేలుపెట్టి చూపించలేకపోయాను.

నేను 1999లో కతార్ వచ్చినప్పుడు ముషైరబ్ అంటే వేరే లోకం. దోహాలో స్థితిమంతులైన కుటుంబాలు కట్టుకున్న పాత ఇళ్ళవి. చమురు డబ్బు వచ్చాక వాళ్ళు ఊరి చివర పెద్ద విల్లాలు కట్టుకుని వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి మనబోటివాళ్ళం వచ్చాం. ఒక్కో ఇంట్లో పది పన్నెండు గదులు, గదికి అయిదారు మంచాలు. కిందన దర్జీ, టీ కొట్టు, ఊరికి ఫోన్ చేసుకునే దుకాణం. మలయాళం, ఉర్దూ, బెంగాలీ, నేపాలీ, తెలుగు అన్నీ ఒకే సందులో వినిపించేవి.

ఆ పేట స్థానంలో దాదాపు 76 ఎకరాల్లో కొత్త నగర కేంద్రం కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. 2010 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దాదాపు అంతా కూల్చేశారు. నాలుగు ఇళ్ళు మాత్రం ఉంచారు. వాటిని బాగుచేసి 2015లో మ్యూజియంలుగా తెరిచారు. ఇవాళ చెప్పబోయేది ప్రధానంగా ఆ నాలుగిళ్ళ గురించి.

ముందు అసలు ఆ ఇళ్ళు ఎలా కట్టారో చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది అదే. మాది కడప జిల్లా. మా తాతగారిది చవుడు మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, పైన కట్టెపుల్లలు, ఆ పైన చవుడు మన్ను. వానాకాలం ముందు ఏటా మిద్దెక్కి కొత్త మన్ను పోసి తొక్కేవాళ్ళు. దోహా పాత ఇంటి కప్పు చూస్తే అచ్చం మా మిద్దే! సముద్రం నుంచి తీసిన పగడపు రాయితో, మట్టితో గోడలు, వాటి మీద జిప్సం పూత. కప్పుకి మడచెట్ల వాసాలు. మన కోరింగ దగ్గర పెరిగే మడచెట్ల బాపతువే, కాకపోతే ఇవి తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చేవి. వాసాల మీద వెదురు బద్దలు, వాటి మీద ఈతాకు చాప, పైన మట్టి. మడచెట్టు వాసం ఎంత పొడుగుంటే గది అంత వెడల్పు. అందుకే పాత గదులేవీ వెడల్పులో మూడు మీటర్లు పెద్దగా దాటవు. "ఇంత సన్నగా ఎందుకు కట్టారు వీళ్ళు?" అని మేం గదిలో నవ్వుకునేవాళ్ళం. జవాబు మా నెత్తి మీదే ఉందని అప్పుడు తెలియలేదు.

ఈ గోడలకు శత్రువు వాన కాదు, ఉప్పు. నేలలోని తేమ గోడలోకి ఎక్కుతుంది, తనతో ఉప్పును తెస్తుంది. జిప్సం, మట్టి పూతలు ఊపిరి పీలుస్తాయి గనుక తేమ బయటికి పోతుంది. పూత రాలితే మళ్ళీ పూస్తారు. గట్టిగా ఉంటుందని సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు గడ్డకట్టి రాయినే తినేస్తుంది. బాగుచెయ్యాలన్న మంచి ఉద్దేశంతోనే పాడుచేసిన ఇళ్ళు ఇక్కడా ఉన్నాయి, మన ఊళ్ళలో డంగు సున్నం గోడలకు సిమెంటు పట్టించిన గుళ్ళూ ఉన్నాయి.

పాత కట్టడాన్ని నిలబెట్టాలనే ఆలోచన కతార్‌కు కొత్త కాదు. షేక్ అబ్దుల్లా బిన్ జాసిం పాత మహలును బాగుచేసి 1975లో జాతీయ మ్యూజియంగా తెరిచారు. 1980లో దానికి ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. 2019లో తెరిచిన, ఎడారి గులాబీ ఆకారంలో ఉండే కొత్త మ్యూజియం ఆ మహలును చుట్టుకునే ఉంటుంది.

ఇక సూక్ వాకిఫ్ మనందరికీ తెలిసిందే. నేను వచ్చిన కొత్తలో అది రేకుల కప్పులు, సిమెంటు గోడలు, వేలాడే కరెంటు తీగలు. 2003లో అగ్నిప్రమాదం జరిగింది. ఆ తర్వాత మొహమ్మద్ అలీ అబ్దుల్లా అనే కతారీ కళాకారుడి ఆధ్వర్యంలో పాత ఫోటోలు చూసుకుంటూ, పాతవాళ్ళను అడుగుతూ, రేకులు తీసేసి మళ్ళీ వాసాలు, వెదురు, మట్టి పెట్టారు. "సగం కొత్తగా కట్టిందే కదా, పాతదెలా అవుతుంది?" అని పండితులు వాదిస్తారు. నిజమే. కానీ మసాలా దినుసుల కొట్లున్నాయి, తోపుడు బండ్లతో సామాను మోసే ముసలి కూలీలున్నారు. నా మట్టుకు నాకు అది చాలు.

మళ్ళీ ముషైరబ్‌కి వద్దాం. నాలుగిళ్ళలో ఒకటి రద్వానీ వారిది, 1920ల నాటిది. బాగుచేసే ముందు అక్కడ పురావస్తు తవ్వకాలు జరిపారు. ఒకటి దేశ స్థాపకుడు షేక్ జాసిం కుమారుడు మొహమ్మద్‌ది. మూడోదాన్ని కంపెనీ ఇల్లంటారు. కతార్‌లో మొదటి చమురు కంపెనీ కార్యాలయం ఒకప్పుడు అందులో ఉండేది. అక్కడ దొరల కథ కాక, చమురు బావుల్లో పనిచేసిన మొదటి తరం కతారీ కూలీల కథ చెబుతారు.

నాలుగోది బిన్ జల్మూద్ ఇల్లు. పిల్లల్ని తీసుకెళితే ముందుగా మీరు చూసి వెళ్ళండి. అది బానిసల వ్యాపారి ఇల్లు. ఆ సంగతి దాచకుండా, హిందూ మహాసముద్రం మీదుగా మనుషుల్ని తెచ్చి అమ్మిన చరిత్రను ఆ ఇంట్లోనే చెబుతున్నారు. కతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో; మా నాన్నగారు బడికెళ్ళే రోజులు. నేటి కాలపు వెట్టి, మనుషుల అక్రమ రవాణా గురించి కూడా అక్కడ ఉంది. సొంత ఇంటి మచ్చను అద్దాల్లో పెట్టి చూపించడం చిన్న విషయం కాదు. ఏ దేశంలోనూ తేలిక కాదు.

అయినా ఒక మాట మనసులో మెదులుతుంది. మొదట కట్టుకున్నవాళ్ళ ఇల్లు మిగిలింది, చమురు తీసినవాళ్ళ ఇల్లు మిగిలింది, అమ్ముడుపోయినవాళ్ళ కథకూ ఇల్లు దొరికింది. దశాబ్దాల పాటు ఆ పేటలో అద్దెకున్న మన గది ఒక్కటీ మిగల్లేదు. కూల్చే ముందు కొందరు కళాకారులు ఆ ఖాళీ ఇళ్ళలో దొరికిన వస్తువుల్ని ఏరి దాచారు. కొన్ని మొహమ్మద్ బిన్ జాసిం ఇంట్లో ప్రదర్శనకు పెట్టారు. అంతవరకు సంతోషం.

ఇంటి దగ్గరైతే జనం కోర్టుకెళతారు. హైదరాబాదులో ఇర్రమ్ మంజిల్‌ను కూల్చి శాసనసభ కడతామని 2019లో మంత్రివర్గం నిర్ణయించినప్పుడు కొందరు పౌరులు, నవాబు వారసులు హైకోర్టు తలుపు తట్టారు. సెప్టెంబరు 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇక్కడ మనం పరాయి దేశంలో ఉన్నవాళ్ళం, గోడ మీద మనకు హక్కులేదు. కానీ ఫోటోలు మనవే కదా!

అందుకే నాతోబాటు ఆ రోజుల్లో ఉన్న నలుగురైదుగురం కలిసి పాత ఫోటోలు పోగుచేస్తున్నాం. తమాషా ఏమిటంటే, ఎవరూ ఇంటిని ఫోటో తియ్యలేదు. కొత్త చొక్కా, కొత్త టేప్‌రికార్డరు, పుట్టినరోజు కేకు. గోడ, తలుపు, కప్పు వాసాలు వెనకాల పొరపాటున పడ్డవే. నిజామాబాద్ వెళ్ళి స్థిరపడ్డ ఒక మిత్రుడు ఈ మధ్య ఒక ఫోటో పంపాడు. తను మంచం మీద కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు. పైన వరసగా ఏడు మడచెట్ల వాసాలు, ఒకదానికి మేము బట్టలారేసుకునే తాడు కట్టి ఉంది.

మీ ఇళ్ళలో, ఊళ్ళో అమ్మావాళ్ళ దగ్గర అలాంటి ఫోటోలుంటే వెనకవైపు ఏడాది, వీధి పేరు రాసి ఉంచండి. వీధి పేరు గుర్తులేకపోతే కింద ఉన్న టీ కొట్టు పేరు రాసినా మాకు తెలుస్తుంది.