పాత లేత్‌కు కొత్త పునాది

యంత్రశాలల్లో ఉద్యోగ జీవితం గడిపిన ఇంజనీరుకు పదవీ విరమణ సమీపిస్తున్నకొద్దీ ఒక కోరిక కలగడం సహజం. ఇంటి వెనుక చిన్న షెడ్డు వేసుకొని, అందులో తనదంటూ ఒక లేత్‌ను నిలుపుకోవాలన్నదే ఆ కోరిక. ఇది మన ఒక్కరిదే కాదు. ఇటువంటి అభిరుచి గలవారి కోసం లండన్‌లో 1898లోనే 'మోడల్ ఇంజనీర్' పత్రిక ప్రారంభమైంది. బస్తరుకు కూడా లోహపు పని కొత్త కాదు. కొండగావ్ పరిసరాల కమ్మరులు ఇనుమును కొలిమిలో కాచి, సుత్తితో సాగగొట్టి, దీపపు స్తంభాలను, జంతువుల బొమ్మలను నేటికీ తయారుచేస్తున్నారు. బైలడిల్లాలో 1968 నుండి ఇనుప ఖనిజం తవ్వుతున్న మనకు ఈ నేలపై లేత్ పెట్టుకోవడం ముచ్చటైన విషయమే.

కొత్త యంత్రం ధర మనవంటి వారికి అందదు. కనుక జగదల్‌పూర్‌లోని మా ఇంటి కోసం, పంజాబులోని బటాలాలో తయారైన నాలుగున్నర అడుగుల పాత లేత్‌ను విశాఖపట్నంలో కొని, సాలూరు ఘాట్ మీదుగా లారీలో తెప్పించాము. దానిని నిలబెట్టడంలో మేము చేసిన రెండు పొరపాట్లు తోటి ఉద్యోగులకు ఉపయోగపడగలవని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

కొనేముందు పరీక్ష

పాత లేత్‌లో రంగును చూడకూడదు, బెడ్‌ను చూడాలి. పని ఎక్కువగా చక్ దగ్గరే జరుగుతుంది కనుక అరుగుదల కూడా అక్కడే ఎక్కువ. సాడిల్‌ను చక్ వద్ద వదులు లేకుండా సరిచేసి, టెయిల్‌స్టాక్ వైపు జరపాలి. అక్కడ బిగుసుకుపోతే బెడ్ అరిగిందని అర్థం. స్పిండిల్‌పై డయల్ గేజి ఆనించి, చక్‌లో బిగించిన కడ్డీని చేతితో పైకెత్తి చూస్తే బేరింగుల స్థితి తెలుస్తుంది. ఈ పరీక్షలలో మా యంత్రం నెగ్గింది.

మొదటి పొరపాటు

షెడ్డులోని సిమెంటు గచ్చుపైనే లేత్‌ను దించి, నాలుగు మూలలా బోల్టులు గట్టిగా బిగించాము. తొలిసారి కడ్డీని తరిగినప్పుడు 150 మిల్లీమీటర్ల పొడవులో వ్యాసం 0.08 మిల్లీమీటరు తేడా వచ్చింది. నెలరోజుల పాటు ఎన్ని పనిముట్లు మార్చినా ఫలితం మారలేదు. బెడ్ అరిగిపోయిందనీ, మోసపోయామనీ నిశ్చయించుకొని, తుక్కు కింద తూకానికి అమ్మేందుకు బేరం కూడా కుదుర్చుకున్నాము.

అమ్మే ముందురోజు ఒక మిత్రుడు మీటరుకు 0.02 మిల్లీమీటరు తేడాను చూపే లెవెల్‌ను తెచ్చి బెడ్‌పై ఉంచాడు. తాపీ మేస్త్రీ రసమట్టానికి అందని దోషం దానిలో కనిపించింది. కడిగిన నీరు పోవడానికి గచ్చును ఒక మూలకు వాలుగా వేశారు. బోల్టులు బిగించిన కొద్దీ బెడ్ ఆ వాలుకు మెలి తిరిగింది. బోల్టులు వదులు చేయగానే లెవెల్‌లోని బుడగ కదలసాగింది. దోషం యంత్రానిది కాదు, మాది.

గచ్చును పగులగొట్టి, కాంక్రీటు దిమ్మె వేసి, 28 రోజులు ఆగాము. ఆ తరువాత పాదాల కింద పలుచని రేకు ముక్కలు పెట్టి, బెడ్ రెండు చివరలా అడ్డంగా లెవెల్ ఉంచి సరిచేశాము. చివరి పరీక్షకు లావుపాటి కడ్డీని చక్‌లో మాత్రమే పట్టి, రెండు చోట్ల ఉబ్బు పట్టీలు వదిలి, అతి తేలికగా తరిగి, మైక్రోమీటరుతో కొలవాలి. టెయిల్‌స్టాక్ వైపు పట్టీ లావుగా ఉంటే, ఆ చివర మన వైపునున్న పాదాన్ని కొద్దిగా ఎత్తాలి. సన్నగా ఉంటే దించాలి. మాకు తేడా 0.01 మిల్లీమీటరుకు తగ్గింది.

రెండవ పొరపాటు

ఇంట్లో సింగిల్ ఫేజ్ విద్యుత్తే ఉన్నందున అందుకు తగిన మోటారు అమర్చి, సాధారణ స్విచ్చితో నడిపాము. ఒకనాడు పని మధ్యలో కరెంటు పోయింది. స్విచ్చి ఆపకుండా, చక్ తాళాన్ని చక్‌లోనే వదిలి టీకి వెళ్లాము. కరెంటు రాగానే లేత్ దానంతటదే తిరిగింది. తాళం ఎగిరి రేకు గోడను సొట్టబరిచింది. అంతకు కొద్ది నిమిషాల ముందు మా అమ్మాయి సరిగ్గా ఆ గోడ వద్దనే నిలబడి ఉంది. ఆ సొట్టను మేము నేటికీ బాగుచేయించలేదు.

కరెంటు పోతే తెగిపోయి, మళ్లీ బటన్ నొక్కేవరకు యంత్రాన్ని కదలనివ్వని స్టార్టరును మరునాడే అమర్చాము. యంత్రానికి రెండు వేర్వేరు ఎర్త్ తీగలు వేశాము. చక్ తాళాన్ని చేతిలోనుండి వదిలితే గోడ కొక్కేనికే తగిలించాలన్నది మా ఇంటి నియమం. గనిలో ఇతరులకు ప్రతిరోజూ చెప్పే భద్రతా సూత్రాలను ఇంట్లో మరచిపోవడం మనవంటి వారికి తగదు.

ధూళి, తేమ

కిరండూల్, బచేలీలలో నివసించేవారికి మరొక మాట. మన ఖనిజం హెమటైట్. నగలకు మెరుగుపెట్టే ఎర్రపొడి కూడా ఇదే ఐరన్ ఆక్సైడు. ఖనిజ ధూళి నూనెతో కలిసి బెడ్‌పై నిలిస్తే, సాడిల్ జరిగిన ప్రతిసారీ బెడ్ అరుగుతూనే ఉంటుంది. పని ముగిశాక బెడ్‌ను తుడిచి, కొత్త నూనె రాసి, గుడ్డ కప్పాలి. బస్తరు వానాకాలంలో తుప్పు పట్టకుండా కాపాడేది కూడా ఈ అలవాటే.

నేడు ఆ లేత్‌పై ఇరుగుపొరుగు వారి పంపు షాఫ్టులకు బుషింగులు తయారుచేస్తున్నాము. తుక్కు బేరగాడు మాత్రం ఇంకా దారిలో కనిపించినప్పుడల్లా, "మిషన్ ఎప్పుడు ఇస్తారు సార్?" అని అడుగుతూనే ఉన్నాడు.