నేషన్, నారొద్, జాతి

ఆంగ్లభాషలో 'నేషన్' అను పదము మిక్కిలి వాడుకలో నున్నది. పత్రికలయందును, సభలయందును అది వినబడని దినము లేదు. అందఱు నెఱిగిన మాట గావున దాని యర్థము నెవ్వరును విచారింపరు. చిక్కంతయు నిచ్చటనే కలదు. మధ్య ఐరోపాలోని స్లొవాకు భాషలోనికి ఈ పదమును మార్చబూనిన వారి పాట్లను పరిశీలించితిమేని, ఒక్క మాట యర్థమును బట్టి జనుల హోదా యెట్లు మాఱునో తేటపడగలదు.

ఆంగ్లేయు డొకచోట నేషనన్నచో రాజ్యమని యర్థము. 1945లో నేర్పడిన ప్రపంచసంస్థ పేరున నున్నది ఆ పదమే. దాని సభ్యులు రాజ్యములే గావున మనవారు దానిని ఐక్యరాజ్యసమితి యని తెనిగించిరి. స్కాట్లండును నేషనన్నచో ప్రత్యేక సార్వభౌమాధికారము లేని జనసముదాయమని యర్థము. అమెరికాలో చెరొకీ నేషనన్నచో ఆ దేశపు టాదివాసులలో నొక తెగ.

స్లొవాకులు దీనికి వాడు పదము 'నారొద్'. వారి భాషలో 'రొద్' అనగా వంశము. 'రొదినా' యనగా కుటుంబము. నేషనునకు మూలమైన లాటిను పదమును, మన 'జాతి'యును పుట్టుక యను నర్థమునుండి వచ్చినవే. మూడును తోబుట్టువుల వంటివి. కాని తోబుట్టువుల కాపురములు వేఱు. రాజ్యమునకు స్లొవాకులు 'ష్టాట్' అని వేఱొక పదమును వాడుదురు. ఆంగ్లేయుడు నేషన్ పతాకమనుచోట స్లొవాకు ష్టాట్ పతాకమనును. నేషన్ ఋణమనుచోట ష్టాట్ ఋణమనును.

నేషనాలిటీ యను పదమున చిక్కు మఱింత హెచ్చును. డాన్యూబు నదీతీరమునగల కొమార్నో పట్టణములో హంగేరీ భాష మాటలాడువారే యధికులు. వారిలో నొకని పాసుపోర్టున ఆ యాంగ్లపదమునకు సరిగా స్లొవాకున నుండునది పౌరసత్వమను మాట. దానిని బట్టి యతడు స్లొవాకియావాడు. జనగణనమున నడుగునది 'నారొద్నొస్త్'. అక్కడ నతడు హంగేరీవాడు. ఆంగ్లమున నొక్కటియైన ప్రశ్నకు స్లొవాకున రెండుత్తరములు గలవు, రెండును సత్యములే.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. స్లొవాకులు వేయేండ్లకు సమీపముగా హంగేరీ రాజ్యమున నుండిరి. 1843లో ల్యుదొవిత్ ష్టూర్ వారి గ్రంథభాషను స్థిరపఱచెను. 1861లో వారు మార్టిన్ పట్టణమున గూడి, తామొక నారొదమని విజ్ఞాపనము సిద్ధపఱచిరి. 1868 నాటి హంగేరీ శాసనము మఱొకవిధముగా బలికెను: రాజ్యమందలి పౌరులందఱును జేరి యేక హంగేరీ నేషను, తక్కినవారు అందులోని నేషనాలిటీలు మాత్రమే. 1875లో స్లొవాకుల సారస్వతసంస్థయగు మాతిత్సా స్లొవెన్స్కా మూతపడెను. 1918లో చెకొస్లొవాకియా యేర్పడినను 1920 నాటి రాజ్యాంగము చెకొస్లొవాకు నేషను పేరిటనే వెలువడెను. స్లొవాకుల పేరు మఱల మఱొకరి పేరితో నతుకబడెను.

తుదకు 1992 సెప్టెంబరు 1వ తేదీన ఆమోదింపబడిన రాజ్యాంగమును వారు 'స్లొవాకు నారొదమైన మేము' అని మొదలిడిరి. 1993 జనవరి 1న వారి రాజ్యము వేఱుపడెను. ఎంతకాలమునుండియో నిరాకరింపబడిన పేరును తామే వ్రాసికొన్నవారి సంతోషమును మే మర్థము చేసికొనగలము. కాని కొమార్నో పౌరుని మాటయో? 2021 జనగణనము ప్రకారము ఆ దేశమున నూటికి ఎనమండ్రకు కొంచెము తక్కువగా హంగేరీవారు గలరు. ఆ పీఠికలో వారు మైనారిటీలతో కలిసి తరువాతి పంక్తులలో వత్తురు; చివరకు గాని 'పౌరులమైన మేము' అను మాట రాదు. 1868లో స్లొవాకులను వాకిట నిలిపిన పదమే 1992లో హంగేరీవారిని వాకిట నిలిపినది. వాకిట నిలిచిన బాధ నెఱిగినవాడును, ఇల్లు తన దైనపుడు ఆ బాధను మఱచుట లోకసహజము.

మన భాషయందును జాతి యను మాట యిట్టిదే. ఆంధ్రజాతి యనుచున్నాము, భారతజాతి యనుచున్నాము, కులమును జాతి యనువారును గలరు. మొదటిది భాషచే నైనది. రెండవది పౌరసత్వముచే నైనది. మూడవది పుట్టుకచే నైనది. మూటిని కలిపి మాటలాడువాడు, తా నెఱుగకయే, పుట్టుకను పౌరసత్వమునకు కొలబద్ద చేయుచున్నాడు. 1949 నవంబరు 26న ఆమోదింపబడిన మన రాజ్యాంగము నేషను పేరిట గాక భారత ప్రజల పేరిట నారంభమైనది. ఆ మాటలో అందఱికిని మొదటి పంక్తిలోనే చోటు గలదు. జాతియను మాటను నోట పలుకునపుడెల్ల, దానివలన లోపల నుండువా డెవ్వడు, వాకిట నిలుచువా డెవ్వడు అని యొక్కసారి విచారించుట మన కర్తవ్యమని మా యభిప్రాయము.