బల్గేరియాదేశమున కాపురము

‘దూరపుకొండలు నునుపు’ అని మన పెద్దలు చెప్పుదురు. విదేశవాసమును గూర్చి మన యిండ్లలో జరుగు ముచ్చటలకు నీ సామెత చక్కగా నమరును. అమెరికాకు బోయిన పిల్లలను గూర్చియు, ఇంగ్లండునకు బోయిన పిల్లలను గూర్చియు మనమెన్నియో వినుచున్నాము. ఐరోపాఖండపు టాగ్నేయమూల నున్న బల్కను దేశములకు సంసారముతో బోయిన తెలుగువారిని గూర్చి వినుట మాత్రము అరుదు. మావారి యుద్యోగనిమిత్తమై మేము నాలుగేండ్లు బల్గేరియా రాజధానియగు సోఫియా నగరమున గాపురముంటిమి. తిరిగివచ్చిన నాటినుండియు సోదరీమణులనేకులు మమ్మడుగు ప్రశ్న యొక్కటియే: “అచట మనవంటివారికి గలుగు లాభమేమి?” దానికి మాకు దోచిన సమాధానము నిచట వ్రాయుచున్నాము. లాభములు గలవు, అవి నిజమైనవి. కాని వానికొక వెలయు గలదు. ఆ వెలను జెల్లించువారు తఱచుగా మనము గాము. కావున రెండును జెప్పుట మా విధియని తలంచితిమి.

ముందుగా దేశమును గూర్చి రెండు మాటలు. బల్గేరియాకు ఉత్తరపు టెల్ల చాలవఱకు డాన్యూబు నది; తూర్పున నల్లసముద్రము; దక్షిణమున గ్రీసు, తుర్కీ దేశములు; పడమట సెర్బియా, ఉత్తర మాసిడోనియాలు. నడుమ బల్కను పర్వతములు తూర్పుపడమరలుగా సాగియున్నవి. ఆ ద్వీపకల్పమున కంతకును వాని పేరే వచ్చినది. వైశాల్యమున నీ దేశము మన తెలంగాణమునకు రమారమి సమానము. జనసంఖ్య మాత్రము 2021వ సంవత్సరపు లెక్కల ప్రకారము 65 లక్షలే. దాదాపు ఐదు శతాబ్దులు తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండి, 1878లో దాని నుండి బయటపడి, 1989 వఱకు కమ్యూనిస్టుల పరిపాలన జూచి, 2007లో ఐరోపా సమాఖ్యలో జేరినది. 2025 జనవరి 1వ తేదీ నుండి సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ మండలమున సంపూర్ణముగా జేరినది. 2026 జనవరి 1వ తేదీ నుండి పాత నాణెమగు ‘లెవ్’ పోయి యూరో వచ్చినది.

తెలుగు గృహిణికి గలుగు మొదటి భయము భోజనమును గూర్చియే గదా! ఆ భయము మాకు మొదటి వారముననే తీఱెను. ఆ దేశము పెరుగుదేశము. ‘కిసెలో మ్ల్యాకో’, అనగా పుల్లని పాలు, అని వారు పెరుగు నందురు. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అను బల్గేరియా యువకుడు జినీవాలో వైద్యవిద్య నభ్యసించుచు నీ పెరుగును దోడుకొనజేయు సూక్ష్మజీవిని గనుగొనెను. దానికి బల్గేరియా పేరే స్థిరపడినది. పెరుగును నీటితో బలుచన చేసి యుప్పు వైచిన ‘ఐర్యాన్’ మన మజ్జిగయే. దోసకాయముక్కలు, వెల్లుల్లి, అక్రోటుపప్పు, సోయికూర పెరుగులో గలిపిన ‘తరతోర్’ అను చల్లని చారును మొదటిసారి రుచి చూచినపుడు మాకు మా యమ్మ చేయు పెరుగుపచ్చడి జ్ఞాపకమునకు వచ్చి కన్నులు చెమర్చినవి.

వేసవి ముగియుసరికి ఊరంతయు మిరపకాయలు కాల్చు వాసన వ్యాపించును. అవి కారములేని పెద్ద యెఱ్ఱమిరపకాయలు. వానిని గాల్చుటకు ‘చుష్కోపెక్’ అను చిన్న విద్యుత్పొయ్యి ప్రత్యేకముగా గలదు. ఇంటి వసారాలలో గూర్చుండి స్త్రీలు కాయలను గాల్చి, పొట్టు తీసి, టొమేటోలతో నుడికించి, ‘ల్యుతెనిత్సా’ అను పచ్చడి చేసి సీసాలకెత్తి శీతకాలమునకు దాచుకొందురు. క్యాబేజీని ఉప్పునీటిలో నూరవేయుదురు. మన ఆవకాయల కాలమున నింటింట గనబడు సందడియే యది! శాకాహారులగు వారికి గూడ నచట మార్గము గలదు. వారి క్రైస్తవాచారమున నుపవాసదినములు పెక్కు. క్రిస్మసు ముందటి రాత్రి మాంసము, పాలు, గ్రుడ్లు లేక, బేసిసంఖ్య గల వంటకములతో విందు చేయుదురు. ‘పోస్త్నో’ అను మాట నేర్చుకొన్నచో అంగళ్ళలో నుపవాసపు వంటకము నడిగి తెచ్చుకొనవచ్చును.

ఇచట మాకు జరిగిన యొక చిన్న యవమానమును దాచరాదు. ఆ దేశీయులు ‘ఔను’ అనుటకు తల నడ్డముగా నూపుదురు. ‘కాదు’ అనుటకు పైకి నిగుడ్చుదురు. మేము క్రొత్తగా బోయిన దినములలో నొక యంగడిలో పొరలు పొరలుగా గాల్చిన రొట్టెను జూపి, “ఇందు మాంసము గలదా?” యని వచ్చీరాని మాటలతో నడిగితిమి. అమ్మునామె తల యడ్డముగా నూపెను. సంతోషముతో నాలుగు కొనితెచ్చి, యింట విప్పి చూడగా సంగతి తెలిసెను! ఆమె సత్యమే చెప్పినది, మేమే చదువుకొనలేకపోతిమి. పరదేశమున మాట కంటె ముందు తల యూపుట నేర్వవలెనని నాడు గ్రహించితిమి.

ఇక ఆదాయవ్యయముల సంగతి. 2008 నుండి బల్గేరియాలో వ్యక్తుల యాదాయపు పన్ను అందఱికిని నూటికి పది చొప్పుననే యున్నది. ఐరోపా సమాఖ్యలో మిక్కిలి తక్కువ పన్నులలో నిది యొకటి. ఇంటి యద్దెలు, కూరగాయలు పశ్చిమ ఐరోపా నగరములకంటె చౌక. ఐనను జీతములును అచటికంటె తక్కువే యని మఱువరాదు. విదేశపు కంపెనీల కంప్యూటరు పనిచేయు వారికి మిగులు గలదు. స్థానికపు జీతముతో నుండు వారికి జాగ్రత్త వలయును. వెలలేని సుఖములు మఱికొన్ని గలవు. సోఫియా నడిబొడ్డున, పాత స్నానశాల చెంత, భూగర్భము నుండి వెచ్చని ఖనిజజలము కొళాయిల గుండ ప్రవహించుచుండును. ఎవరైనను బిందెలు, సీసాలు తెచ్చి పట్టుకొనవచ్చును. ఊరిని ఆనుకొని 2,290 మీటర్ల యెత్తుగల వితోషా పర్వతము గలదు. నగరపు బస్సెక్కి దాని పాదమునకు జేరవచ్చును. ఆదివారములందు అవ్వలు సైతము కఱ్ఱచేతబట్టి యా కొండబాటల నడుచుట చూచి మేమును నడక నేర్చితిమి. శీతకాలమున మాత్రము మంచుతోపాటు పొగయు నగరముపై గ్రమ్ముకొనును. ఉబ్బసముగల వారికి నది కష్టకాలము.

మా దృష్టిలో నన్నింటికంటె గొప్పలాభము తల్లులకు జట్టము చేసిన మేలు. పనిచేయు స్త్రీకి ప్రసూతి సెలవు 410 దినములు. అందు 45 దినములు కానుపునకు ముందే యిత్తురు. పండ్రెండు నెలలు భీమా చందా కట్టిన యామెకు భీమా లెక్కకు వచ్చు జీతములో నూటికి తొంబదివంతులు ముట్టును. తండ్రికి బిడ్డ పుట్టినపుడు 15 దినముల సెలవు గలదు. బిడ్డకు ఆరు మాసములు నిండినపిమ్మట తల్లి యొప్పుకొన్నచో మిగిలిన సెలవును తండ్రి తీసికొనవచ్చును. దాని తరువాత బిడ్డకు రెండేండ్లు వచ్చువఱకు మఱికొంత సెలవు, తక్కువ భత్యముతో, లభించును. పని చేయుచున్న అమ్మమ్మ గాని, నాయనమ్మ గాని, తాత గాని యా సెలవును దాము తీసికొని బిడ్డను బెంచవచ్చును! మన దేశమున 2017 నుండి మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారముల సెలవు వచ్చినది, అదియు మేలే. అమ్మమ్మ ఒడిని సయితము చట్టమున జేర్చిన దేశమును మాత్రము మేమచటనే చూచితిమి. క్రమముగా నుద్యోగము చేయుచు భీమా చందా కట్టు విదేశీయురాలికి నీ ప్రసూతి హక్కు చెందును.

ఇన్ని సుఖములును ఇంటి గడప దాటిన స్త్రీకే దక్కును. ఈ మాట మేము స్వానుభవముతో వ్రాయుచున్నాము. మన యూర బడిపంతులమ్మగా పదేండ్లు పనిచేసిన మేము, సోఫియాలో మొదటి శీతకాలమంతయు కిటికీ చెంత గూర్చుండి మంచు కురియుట చూచుచు గడపితిమి. ఉద్యోగము లేదు, భాష రాదు, పలుకరించువారు లేరు. మావారు సాయంకాలము వచ్చువఱకు నోరు విప్పు సందర్భము లేదు. మన సోదరీమణులలో విదేశములందు దిగులుచే గృశించువారి కథ యిదియే యని నమ్ముచున్నాము.

మమ్మా కిటికీ నుండి లేపినవి అక్షరములు. బల్గేరియా లిపి సిరిలిక్, అక్షరములు ముప్పది. పలికినట్లే వ్రాయుట చాలవఱకు మన తెనుగునందు వలెనే. ఈ లిపి పదవ శతాబ్దికి అటునిటుగా బల్గేరియా రాజ్యముననే పుట్టి పిదప రష్యా మున్నగు దేశములకు వ్యాపించినది. 2007లో ఐరోపా సమాఖ్యకిది మూడవ లిపియైనది. ప్రతి సంవత్సరము మే 24వ తేదీని వారు అక్షరముల పండుగ చేయుదురు. బడిపిల్లలు పూలమాలలతో నూరేగుదురు. చదువు చెప్పి బ్రతికిన మాకు, అక్షరములకు సెలవిచ్చి పండుగ చేయు జాతిపై నాడే మమకారము పుట్టినది. ముప్పది దినములలో ముప్పది యక్షరములు నేర్చి, వీథిలోని పలకలను గూడబలుకుకొనుచు నడచితిమి. రెండవయేట నొక చిన్న పాఠశాలలో ఆంగ్లము చెప్పు పని దొరకినది.

మాకు భాష నేర్పినది ప్రక్కయింటి యవ్వ. వారి భాషలో అవ్వను ‘బాబా’ యందురు. మార్చి 1వ తేదీని ఆమె మా తలుపు తట్టి, యెఱుపు తెలుపు దారములు పేనిన ‘మార్తెనిత్సా’ యను తోరమును మా మణికట్టునకు గట్టెను. చెట్టు పూచుట గాని, కొంగ వచ్చుట గాని కంటబడువఱకు దానిని విప్పరాదట. శ్రావణశుక్రవారపు తోరము గట్టుకొన్నట్లే తోచెను. మేమామెకు ఆవకాయ రుచి చూపితిమి. ఆమె కన్నీరు గార్చుచు దిని, మఱునాడు ల్యుతెనిత్సా సీసాతో వచ్చెను.

ఆమెకొక్కతే కూతురు. ఆ కూతురు జర్మనీలో ముసలివారికి బరిచర్య చేయు నుద్యోగమున నున్నది. ఒకనాటి సాయంకాలము మేము తెనాలిలోనున్న మా యమ్మతో ఫోనులో మాటాడి పెట్టగా, బాబా నెమ్మదిగా నిట్లనెను: “నా కూతురు పరాయి ముసలివారికి మందులిచ్చుచున్నది. నాకు మందిచ్చుటకు నీవున్నావు. మఱి మీ యమ్మకు మందిచ్చువారెవరు?”

మేము బదులు చెప్పలేకపోతిమి. 1980ల చివర బల్గేరియా జనసంఖ్య 90 లక్షలకు జేరువగా నుండెను. 2021 నాటికి 65 లక్షలైనది. పుట్టువారు తగ్గుట యొక కారణము. పిల్లలు పశ్చిమదేశములకు బోవుట మఱియొక కారణము. పల్లెలలో తాళములు వ్రేలాడు నిండ్లను, వానిమధ్య నొంటరి యవ్వలను మేము కన్నులార చూచితిమి. మేము లాభము గోరి యేగిన దేశము నుండియే, ఆ దేశపు బిడ్డలు లాభము గోరి మఱియొక దేశమున కేగుచున్నారు. ప్రతి మజిలీయందును వెనుక మిగులునది యొక తల్లి.

ఐదేండ్లు నిరాటంకముగా నున్నవారికి శాశ్వతనివాసపు హక్కు గోరు వీలున్నది. మేము నాలుగవయేటనే తిరిగివచ్చితిమి. కారణములు పెక్కు గలవు. అందు బాబా యడిగిన ప్రశ్న యొకటి. అందఱును మావలెనే చేయవలెనని మేమనుట లేదు. ఉన్నవారు సుఖముగా నుందురుగాక!

పోవువారికి మా మనవి యిది. బయలుదేరుటకు ముందే ముప్పది యక్షరములు నేర్చుకొనుడు. మీ చదువుపత్రములను భద్రముగా దీసికొనిపొండు; అవి మీకును పనికివచ్చును, మీ వారికి మాత్రమే కాదు. మొదటి చలికాలమున నింట గూర్చుండకుడు. ప్రక్కయింటి తలుపు తట్టుడు. సోఫియాకంటె మన గడియారము శీతకాలమున మూడున్నర గంటలు, వేసవిని రెండున్నర గంటలు ముందుండును. మీ సాయంకాలము మీ యమ్మ నిద్రించువేళ యని యెఱిగి, కొంచెము ముందుగనే పలుకరింపుడు. పలుకరించుటతో దీఱినదని తలంపక, ఆమెకు మందిచ్చు చేయి యెవరిదో ముందుగా నిశ్చయించుకొని బండి యెక్కుడు.

మా వెనుక సోఫియాలో బాబాకు మందిచ్చుటకు క్రిందియంతస్తు కోడలొకతె యొప్పుకొన్నది. ప్రతి మార్చి మొదటి దినమున మేము తెనాలిలో మా యమ్మ చేతికి ఎఱుపు తెలుపు తోరము గట్టుచున్నాము. పెరటి మామిడి పూచినదని యామె నవ్వుచు వెంటనే విప్పుచుండును.