సేవకుల క్షేమము – పనిచేయించువారి ధర్మము



చిరకాలము కృష్ణా జిల్లాకు మెట్టసీమయై యుండిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఈ సీమయందు ఊటబావి రీతి మనకందఱకు దెలిసినదే. చేదిన నీరు మరల నూరుటకు వ్యవధి కావలెను. వ్యవధి యీయక తోడినచో బురద వచ్చును. అది బావి దోషము కాదు, తోడువారి తొందర. పరుల కష్టము దీర్చుటయే పనిగా గల సంఘసేవకుల మనస్సును అట్టిదే.

మన గ్రామములలో నట్టివారు అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు. 1975 అక్టోబరు 2వ తేదీన నారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున వీరు పనిచేయుచున్నారు. పసిబిడ్డలకు, గర్భిణులకు, బాలింతలకు పౌష్టికాహార మిచ్చుట, పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పుట, టీకాలకు దోడ్పడుట, బిడ్డల బరువు తూచి బలహీనులను వైద్యుని కడకు బంపుట వీరి విధులు. 2021 నుండి ఈ లెక్కలను సెల్‌ఫోనులో ‘పోషణ్ ట్రాకర్’ అను యాప్‌న నెక్కింపవలసి వచ్చినది. బిడ్డ చిక్కిపోయిన తల్లి దుఃఖము వినునదియు, లెక్క తప్పినచో పైవారి ప్రశ్న వినునదియు నా కార్యకర్తయే.

ఇట్టి వృత్తిజన్యమైన అలసటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు లక్షణములు చెప్పినది: శక్తి యుడుగుట, పనియెడ విముఖత పుట్టుట, పని నెఱవేర్చు సామర్థ్యము తగ్గుట. ఇది వ్యాధి కాదనియు, పనిచోట నెడతెగక యుండి సరిదిద్దబడని యొత్తిడి దీనికి మూలమనియు వివరించినది. కారణము పనిచోట నున్నప్పుడు చికిత్సయు నచ్చటనే మొదలు కావలెను గదా! “ఓర్చుకొనుము” అనుట చికిత్స కాదు. ఓర్పు వేఱు, తేరుకొను శక్తి వేఱు. ఓర్పు బరువు మోయును. తేరుకొనుటకు బరువు దింపు చోటు కావలెను.

ఆ చోటు గల్పించుట పనిచేయించువారి ధర్మము. అంగన్‌వాడీ కార్యకర్తలకును ఆయాలకును గ్రాట్యుటీ చట్టము వర్తించునని సుప్రీంకోర్టు 2022 ఏప్రిలు 25న తీర్పు చెప్పినది. 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు ఆంధ్రప్రదేశమున వారు సమ్మె చేసిరి. నాటి గౌరవవేతనము కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. చాలీచాలని వేతనముతో నిల్లు గడుపువారికి మనశ్శాంతిని గూర్చి యెంత బోధించినను ఫలమేమి?

పైవారికిని ఒత్తిడి కలదు. సూపర్వైజరు పలు కేంద్రములకు జవాబు చెప్పవలెను. తనపై బడిన యొత్తిడిని ఆమె క్రిందివారిపైకి ద్రోసినచో ఇద్దఱును అలయుదురు. తనిఖీకి వచ్చి మొదట “నీకేమి యిబ్బంది?” అని యడిగి, పిమ్మట పుస్తకము దెఱచినచో లోపములు దాచవలసిన భయము తగ్గును, పనియు చక్కబడును.

వేతనము నిర్ణయించుట గ్రామపెద్దల చేతిలో లేదు. కాని కేంద్రమునకు మంచినీరు, కురియని కప్పు అమర్చుట, నలుగురిలో నామెను నిందింపకుండుట, ప్రొద్దు గ్రుంకిన పిదప పనిమీద పిలువకుండుట మన చేతిలోనివే. మున్నేరు పొంగిన దినములలో బాలింతల నిల్లిల్లు దిరిగి విచారించు నామె యింటికి, వఱద తీసిన మఱునాడు మనలో నొకరైనను వెళ్లి “అమ్మా, మీరు క్షేమమా?” అని యడుగవలెను.