వీసా అక్కరలేని ప్రవేశము

'వీసా' అను మాటకు లాటిను భాషలో 'చూడబడినది' అని అర్థము. ప్రయాణికుని పత్రమును ముందుగా చూచి, రావచ్చునని అధికారి వేయు ముద్రయే వీసా. ఈ ముద్రతో పని లేకుండ భారతీయులు వెళ్ళగల దేశములు మన ఇరుగుపొరుగుననే కలవు. అయితే ముద్ర అక్కరలేదనగానే పత్రమే అక్కరలేదని మనలో చాలమంది భావింతురు. చిక్కు వచ్చునది అక్కడనే.

నేపాలునే తీసికొందము. 1950 జూలై 31న కాఠ్మాండులో ఉభయదేశములు శాంతి, మైత్రీ ఒడంబడిక చేసికొనినవి. ఒక దేశపు పౌరులు రెండవ దేశమున నివసించుటకు, ఆస్తి సంపాదించుటకు, వ్యాపారము చేయుటకు, సంచరించుటకు దాని ఏడవ అధికరణము వీలు కల్పించినది. నేటికిని రక్సౌల్ దాటి బీర్‌గంజ్ చేరు భారతీయులకు వీసా ప్రసక్తి లేదు. కాని 1999 డిసెంబరు 24న కాఠ్మాండు నుండి ఢిల్లీకి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము అపహరణకు గురియైనది. ఆ పిమ్మట విమాన ప్రయాణికులకు గుర్తింపు పత్రముల నిబంధన బిగిసినది.

ఏ పత్రము చెల్లును? పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘము ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు. ఆధార్ కార్డు 15 ఏండ్లలోపు వారికి, 65 ఏండ్లు పైబడిన వారికి మాత్రమే పనికివచ్చును. మన విద్యార్థులు ఈ రెండింటి నడుమ వయస్సు వారే! 15 నుండి 18 ఏండ్ల వారికి విద్యాసంస్థ ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చు ధ్రువపత్రము చెల్లును. విహారయాత్ర తలపెట్టినప్పుడు కళాశాల కమిటీవారు దీనిని ముందుగా సిద్ధము చేయింపవలెను. పదునెనిమిది నిండియు ఓటరుగా నమోదు కాని విద్యార్థికి పాస్‌పోర్టు కూడ లేనిచో, మిత్రులు విమానమెక్కుచుండగా తాను ఇంటిదారి పట్టవలసినదే.

భూటాను సంగతి కొంత వేరు. అచ్చటికిని మనకు వీసా లేదు. అయినను ప్రవేశానుమతి పత్రము తీసికొనవలెను. అంతేకాక, 2022 సెప్టెంబరు నుండి భారతీయ యాత్రికుడు రాత్రికి 1200 రూపాయల రుసుము చెల్లింపవలసియున్నది. అయిదు రాత్రులకు ఆరువేలు! విద్యార్థి బృందమునకు ఇది స్వల్పము కాదు.

మన దేశమునకు వచ్చువారి విషయమునను ఇట్టి హద్దులే కలవు. మాల్దీవుల పౌరులు విహారార్థము 90 దినముల వరకు వీసా లేకుండ మన దేశమున ఉండవచ్చును. చదువుకొనుటకు వచ్చినచో వీసా తప్పదు. ఇక నేపాలీయుల విషయమున మన నిబంధన మనిషినే కాక దారిని కూడ చూచును. స్వదేశము నుండి నేరుగా వచ్చు నేపాలీయునికి వీసా అక్కరలేదు. అతడే చైనా మీదుగా వచ్చినచో పాస్‌పోర్టును, వీసాను రెండును చూపవలెను.