అడిగి తెలుసుకోవడమే ఉద్యోగం

డిగ్రీ చదివి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, "ఇప్పుడు నాకెవరిస్తారమ్మా ఉద్యోగం?" అని నిట్టూర్చేవారు మనలో ఎందరో! అటువంటివారు బిజినెస్ అనలిస్టు పని సంగతి ఒకసారి ఆలోచించండి.

ఒక దుకాణదారు, "బిల్లు దగ్గర జనం నిలిచిపోతున్నారు, ఇంకో కంప్యూటరు పెట్టండి" అన్నాడనుకోండి. అనలిస్టు వెంటనే సరేననదు. నిలబడి చూస్తుంది, గుమాస్తాను అడుగుతుంది. తీరా చూస్తే ఆలస్యం బిల్లు దగ్గర కాదు, కూరలు తూచే కాటా దగ్గర! ఇలా అసలు అవసరమేదో కనిపెట్టి, ప్రోగ్రాము రాసేవారికి అర్థమయ్యేలా రాసి ఇవ్వడమే ఈ ఉద్యోగం.

ప్రోగ్రాములు రాయడం రాకపోయినా ఫరవాలేదు. ఎక్సెల్ బాగా రావాలి. పట్టికల్లోంచి వివరాలు తీసే ఎస్.క్యూ.ఎల్. కొంత నేర్వాలి, పని నడిచే తీరు బొమ్మగా గీయగలగాలి. 2003లో కెనడాలో ఏర్పడిన ఐ.ఐ.బి.ఎ. సంస్థవారి తొలిమెట్టు పరీక్ష ఇ.సి.బి.ఎ.కు పూర్వానుభవం అడగరు. అయితే సర్టిఫికెట్టు ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు సుమండీ!

ఇదివరకు బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో పనిచేసి ఉంటే అక్కడే మొదలుపెట్టండి. ఆ సాధకబాధకాలు తెలిసి ఉండటమే మీ పెట్టుబడి. అనుభవం లేదంటారా? తెలిసినవారి దుకాణంలో పని ఎలా సాగుతోందో, ఎక్కడ ఆగుతోందో రాసి, గీసి ఉంచుకోండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అదే మీ అనుభవం!